బొగ్గు ప్లాంటు మీ ప్రాంతం కరెంటులో ఎంత బరువు మోస్తోందో మీరే లెక్కేసుకోవడం ఎలా

ఏ బొగ్గు ప్లాంటు గురించి మాటొచ్చినా రెండే వాదనలు వినిపిస్తాయి, ఒకాయన "అది ఆగితే అందరికీ చీకటే" అంటాడు, ఇంకొకాయన "ఇంత సోలార్ వచ్చాక ఇక దాంతో పనేంటి" అంటాడు, ఇద్దరూ పట్టుకునేది మాత్రం ప్లాంటు గేటు బోర్డు మీద రాసున్న మెగావాట్ల అంకెనే. ఆ అంకెతో ఏదీ తేలదండీ. తేలాలంటే ఒక రోజు డేటా, ఒక కాగితం, ఫోన్లో క్యాలిక్యులేటర్, ఓ గంట ఓపిక కావాలి, అంతే. నేను కొన్నేళ్లు థర్మల్ ప్లాంటులో బొగ్గు దింపే సైడు పనిచేశా, కంట్రోల్ రూమ్‌లోకి టీ టైములో దూరి చూస్తూ కొంత నేర్చుకున్నా, మిగతాది రిపోర్టులు చదివి తెలుసుకున్నా. నేనెలా లెక్కేస్తానో వరసగా చెప్తా, మీరు మీ అంకెలు పెట్టుకోండి.

ముందు మెగావాట్‌కీ యూనిట్‌కీ తేడా ఖాయం చేసుకోండి, ఎందుకంటే సగం గొడవలు ఇక్కడే. కుళాయి ధార ఎంత లావుగా ఉందో అది మెగావాట్, బిందె ఎంత నిండిందో అది యూనిట్. 1 మెగావాట్ గంటసేపు వస్తే 1000 యూనిట్లు. 500 మెగావాట్ల యూనిట్ (ప్లాంటు వాళ్ల భాషలో బాయిలర్, టర్బైన్, జనరేటర్ కలిసిన ఒక సెట్టుని కూడా యూనిట్ అనే అంటారు, అదో తలనొప్పి) రోజంతా ఫుల్ లోడ్ మీద నడిస్తే 1.2 కోట్ల యూనిట్లు. రిపోర్టుల్లో దీన్ని 12 మిలియన్ యూనిట్లు అని రాస్తారు, నేను మొదట్లో ఈ 12ని చూసి "ఇంత పెద్ద ప్లాంటు ఇంతేనా ఇచ్చింది" అని ఒకాయనతో గట్టిగా వాదించి పరువు పోగొట్టుకున్నా.

తర్వాత బోర్డు అంకెను కొంచెం కొయ్యండి. ప్లాంటు తన కరెంటు తనే కొంత తింటుంది, బొగ్గు పొడి చేసే మిల్లులు, బాయిలర్‌లోకి గాలి తోసే పెద్ద ఫ్యాన్లు, నీళ్ల పంపులు, కన్వేయర్లు, అన్నీ దాని మీదే. మామూలుగా 6 నుంచి 8 శాతం పోతుంది, నేను 7 వేసుకుంటా. అంటే 500లో బయటికొచ్చేది 465. లోడు తగ్గినప్పుడు ఈ శాతం ఇంకాస్త పెరుగుతుంది, కానీ మన లెక్కకి ఆ తేడా అవసరం లేదు.

డేటా ఎక్కడ దొరుకుతుందంటే, గ్రిడ్ నడిపే సంస్థ సైట్లో. ఇండియాలో అయితే గ్రిడ్ ఇండియా, రాష్ట్రాల లోడ్ డిస్పాచ్ సెంటర్లు రోజువారీ రిపోర్టులు పెడతాయి, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దగ్గర ప్లాంటు వారీగా జనరేషన్, బొగ్గు నిల్వ కూడా ఉంటాయి. ఆస్ట్రేలియాలో ఏఈఎంఓ (అక్కడి కరెంటు మార్కెట్ నడిపే సంస్థ), బ్రిటన్‌లో ఎలక్సాన్ (అక్కడి కరెంటు లావాదేవీల లెక్కలు చూసే సంస్థ) డేటా ఇంకా నయం, నిమిషాల లెక్కన దొరుకుతుంది. మీకు కావాల్సింది మూడు: గంట గంటకి డిమాండ్, గంట గంటకి ఆ ప్లాంటు ఇచ్చింది, మిగతా వాటిలో ఏది ఎంత ఇవ్వగలదు. రోజుని ఎంచుకునేటప్పుడు ఆదివారం, పండగ రోజు వద్దు, బాగా డిమాండ్ ఉన్న సీజన్లో మామూలు పనిదినం తీసుకోండి.

ఇప్పుడు రోజుని మూడు ముక్కలు చెయ్యండి. నేను ఊహించుకున్న ఒక ప్రాంతంతో చూపిస్తా, అంకెలు గుండ్రంగా ఉండటానికి నేనే పెట్టుకున్నవి. ప్లాంటులో రెండు 500 సెట్లు, బయటికొచ్చేది 930. మధ్యాహ్నం 7 గంటలు డిమాండ్ 2200 మెగావాట్లు, సాయంత్రం 5 గంటలు సగటున 2800, అందులో ఒకానొక టైములో 3000 తాకుతుంది, మిగతా 12 గంటలు, అంటే రాత్రీ పొద్దున్నే కలిపి, 1550. మొత్తం రోజు వాడకం 4.8 కోట్ల యూనిట్లు.

ప్లాంటు ఎలా నడిచిందంటే మధ్యాహ్నం సోలార్ దంచి కొడుతుంటే 55 శాతానికి తగ్గించి 550 మీద, సాయంత్రం ఫుల్లుగా 1000 మీద, రాత్రి 800 మీద. సొంత తిండి తీసేస్తే మధ్యాహ్నం సుమారు 511, సాయంత్రం 930, రాత్రి 744. వాటా ఎంత? మధ్యాహ్నం 23 శాతం, సాయంత్రం 33, రాత్రి 48, రోజు మొత్తమ్మీద 36. ఇదిగో ఒకే ప్లాంటు, ఒకే రోజు, నాలుగు జవాబులు. ఎవరికి ఏది కావాలో వాళ్లు అది పట్టుకుని మాట్లాడతారు, అందరూ నిజమే చెప్తుంటారు, అదే చిక్కు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, రాత్రి సగం కరెంటు అదే ఇస్తోంది కాబట్టి రాత్రికే అది ప్రాణం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా చాన్నాళ్లు. కానీ వాటా వేరు, అవసరం వేరు. అవసరం తెలియాలంటే ప్లాంటుని లెక్కలోంచి తీసి పక్కన పెట్టి, మిగతావన్నీ గట్టిగా నడిపితే ఎంతవరకు వస్తుందో చూడాలి.

మన ప్రాంతంలో మిగతావి ఇవనుకోండి: హైడల్ 600, గ్యాస్ 300, గాలిమరలు కాగితం మీద 800 ఉన్నా నమ్మకంగా లెక్కేసుకోగలిగేది 100, పక్క ప్రాంతాల నుంచి లైన్ల మీద తెచ్చుకోగలిగేది 1200. మొత్తం 2200. రాత్రి డిమాండ్ 1550, అంటే ప్లాంటు లేకపోయినా బండి నడుస్తుంది, ఇంకా 650 మిగులుతుంది కూడా. అదే సాయంత్రం 3000 దగ్గర చూడండి, సోలార్ సున్నా, చేతిలో 2200, 800 మెగావాట్లు బొక్క. రాత్రి సగం మోస్తున్నప్పుడు దానికి బదులు ఉంది, సాయంత్రం మూడో వంతు కూడా సరిగ్గా మొయ్యనప్పుడు బదులు లేదు! ఈ ఒక్క లెక్క వేసుకున్నాక నాకు ఆ ప్లాంటు కనపడే తీరే మారిపోయింది.

ఈ లెక్కలో మోసపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి హైడల్, 600 అని రాసుంటే రోజంతా 600 వస్తుందని కాదు, డ్యామ్‌లో నీళ్లు ఎన్ని గంటలకి సరిపోతాయో అన్ని గంటలే, పైగా ఆ నీళ్లు పొలాలకీ తాగడానికీ కూడా కావాలి. కాబట్టి రాత్రి "650 మిగులు" అన్నది కొంచెం తగ్గించి చూడండి. రెండోది లైన్ల మీద తెచ్చుకునే 1200. లైను మొయ్యగలిగేది 1200 అయినా అవతల వాళ్ల దగ్గర మిగులు ఉండాలి కదా, వాళ్లకీ మన టైముకే పొద్దు గూకుతుంది, వాళ్లూ అప్పుడే లైట్లూ ఏసీలూ వేస్తారు. పీక్ టైములో నిజంగా ఎంత వచ్చిందో పాత రోజుల డేటాలో చూసి ఆ అంకె వాడండి, లైను కెపాసిటీ వాడకండి.

తర్వాతి మెట్టు, ఒక సెట్టు ట్రిప్ అయితే, అంటే ఉన్నట్టుండి ఆగిపోతే ఏంటి. బాయిలర్ ట్యూబ్ లీక్ అవ్వడం ఏ థర్మల్ ప్లాంటులో అయినా ఉండే గోలే, లీక్ పెద్దదైతే సెట్టు ఆపాల్సిందే, ఆపాక బాయిలర్ చల్లారాలి, మనుషులు లోపలికెళ్లి ఆ ట్యూబు కోసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలి, రెండు మూడు రోజులు ఇట్టే పోతాయి. మన లెక్కలో సాయంత్రం మొత్తం చేతిలో ఉన్నది 2200 కి 930 కలిపితే 3130, డిమాండ్ 3000, మిగులు 130. ఒక సెట్టు పోతే 465 పోయినట్టు, అంటే 335 తక్కువ. ఆ 335కి ఎవరో ఒకళ్లకి కోత పడాల్సిందే. గ్రిడ్ వాళ్లు ఎప్పుడూ లైన్లో ఉన్న పెద్ద సెట్టు ఒకటి ఉన్నట్టుండి పోయినా తట్టుకునేలా రిజర్వు ఉంచుకోవాలని చూసేది ఇందుకే, అందుకని మీ ప్రాంతం చిన్నదై సెట్టు పెద్దదైతే ఆ ప్లాంటు సాయమూ అదే, ప్రమాదమూ అదే.

ఇప్పుడు స్పీడు సంగతి. మధ్యాహ్నం మూడింటికి సోలార్ 1000 వస్తోందనుకోండి, ఆరింటికి సున్నా. అదే మూడు గంటల్లో డిమాండ్ 2200 నుంచి 3000కి. అంటే 1800 మెగావాట్లు మూడు గంటల్లో ఇంకెక్కడి నుంచో ఎక్కాలి, నిమిషానికి 10. బొగ్గు సెట్టు మామూలుగా నిమిషానికి దాని కెపాసిటీలో 1 శాతం చొప్పున ఎక్కుతుంది, అంటే 5 మెగావాట్లు, రెండూ కలిపి 10, స్పీడు సరిపోయింది. కానీ 550 నుంచి 1000 వరకే కదా ఎక్కగలిగేది, సొంత వాడకం పోను గ్రిడ్‌కి అదనంగా వచ్చేది 420 లోపే. మిగతా 1380 హైడల్, గ్యాస్, లైన్లు పంచుకోవాలి. ఇక్కడ బొగ్గు పాత్ర పావు వంతు కూడా లేదు, హైడల్ వాళ్లే నిజంగా పరిగెత్తేది, వాళ్ల గేటు తెరిస్తే నిమిషాల్లో లోడు వచ్చేస్తుంది.

మరి మధ్యాహ్నం అవసరం లేనప్పుడు పూర్తిగా ఆపేసి సాయంత్రం పెట్టొచ్చుగా అని అందరూ అడుగుతారు. అలా కుదరదు. రెండు మూడు గంటలు ఆపిన వేడి సెట్టుని మళ్లీ ఎక్కించడానికే రెండు మూడు గంటలు పడుతుంది, పూర్తిగా చల్లారిపోయిందా 8 నుంచి 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. టర్బైన్ రోటరూ బాయిలర్ డ్రమ్మూ అరచేతి మందం కన్నా ఎక్కువ ఉన్న ఇనుము, దాన్ని గబగబా వేడి చేస్తే పగుళ్లొస్తాయి, అందుకే నెమ్మదిగా ఆయిల్‌తో వెలిగించి, ఆవిరి వేడి మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోతారు. ప్రతి స్టార్టుకీ ఆయిల్ ఖర్చు, ప్రతి స్టార్టుకీ ఇనుము ఆయుష్షు కొంత. కాబట్టి మధ్యాహ్నం ఆ 511 ఇవ్వడమంటే బస్సులో సీటు కోసం ముందే తువ్వాలు వేసి కూర్చోవడం లాంటిది, సాయంత్రం ఉండాలంటే మధ్యాహ్నం కూడా ఉండాల్సిందే, ఆ టైములో అవసరం లేకపోయినా. మీ డేటాలో ప్లాంటు మధ్యాహ్నం ఎంత కిందికి దిగిందో చూడండి, 55 దగ్గరే ఆగిపోతోందా 40 దాకా దిగుతోందా, దిగగలిగితే అంత మేర సోలార్‌కి చోటు దొరుకుతుంది.

ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) గురించి రెండు ముక్కలు, ఇది డేటాలో కనపడదు కానీ ప్లాంటు చేసే పనుల్లో గట్టిది. 50 హెర్ట్జ్ గ్రిడ్‌లో ఆ టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, పదుల టన్నుల ఇనుము. గ్రిడ్‌లో ఎక్కడో ఒక సెట్టు పడిపోతే, ఎవరూ ఏ బటనూ నొక్కకముందే ఈ తిరుగుతున్న బరువు తన ఊపులోంచి కొంత కరెంటుగా ఇచ్చేస్తుంది, అందుకే ఫ్రీక్వెన్సీ దభాల్న పడదు. దాచుకున్న ఆ ఊపు మొత్తం ఎంతంటే సుమారు 4 సెకన్ల ఫుల్ లోడుకి సమానం, చిన్నదే అనిపిస్తుంది గానీ మిగతావాళ్లు లేచి నిలబడటానికి ఆ సెకన్లే కావాలి. ఆ తర్వాత గవర్నర్, అంటే టర్బైన్ స్పీడుని కనిపెట్టుకుని ఉండే పరికరం, ఆవిరి వాల్వు తెరుస్తుంది. 5 శాతం డ్రూప్ (ఫ్రీక్వెన్సీ 5 శాతం పడితే సున్నా నుంచి ఫుల్ లోడు దాకా ఎక్కేలా గవర్నర్ సెట్టింగు) పెట్టి ఉంటే ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ పడగానే 500 సెట్టు 20 మెగావాట్లు ఎక్కువ ఇవ్వాలి. అయితే సెట్టు అప్పటికే ఫుల్లుగా, వాల్వులన్నీ తెరిచి నడుస్తుంటే ఇంక ఏం ఇస్తుంది? సాయంత్రం పీక్‌లో ఆఖరి మెగావాట్ దాకా పిండేస్తే ఆ టైములోనే ఈ సాయం పోతుంది, ఇది నాకు మా కంట్రోల్ రూమ్‌లో ఒక పెద్దాయన చెప్పాక గానీ ఎక్కలేదు.

ఇప్పుడు బొగ్గు యార్డు. బయట నుంచి లెక్కేసేవాళ్లు దీన్ని వదిలేస్తారు, నాకు మాత్రం ఇదే సొంతిల్లు. 1 యూనిట్ కరెంటుకి దాదాపు 2400 కిలో కేలరీల వేడి కావాలి, అసలు యూనిట్ కరెంటులో ఉండేది 860 మాత్రమే, అంటే 36 శాతం పనికొచ్చి మిగతాదంతా చిమ్నీలోనూ కూలింగ్ టవర్ ఆవిరిలోనూ పోతోంది. బొగ్గు కిలోకి 3600 కిలో కేలరీలది అయితే యూనిట్‌కి 670 గ్రాములు, 6000 కిలో కేలరీల మంచి బొగ్గయితే 400 గ్రాములు. నాసిరకం లెక్క తీసుకుంటే మన ప్లాంటు ఆ రోజు తయారుచేసిన 1.84 కోట్ల యూనిట్లకి 12,300 టన్నుల పైమాటే, ఒక గూడ్సు రైలు 4000 టన్నులు తెస్తుందనుకుంటే రోజుకి మూడు రైళ్లు, ఆగకుండా. యార్డులో 1,20,000 టన్నులుంటే పది రోజులకి కూడా కొంచెం తక్కువే. అందులో 35 శాతం బూడిద ఉంటే రోజుకి 4000 టన్నుల పైచిలుకు బూడిదని ఎక్కడో వెయ్యాలి. కూలింగ్ టవర్లున్న ప్లాంటుకి యూనిట్ కరెంటుకి సుమారు 3 లీటర్ల నీళ్లు, మన లెక్కన రోజుకి 5.5 కోట్ల లీటర్లు, ఎండాకాలంలో డిమాండ్ పెరిగే టైముకే నది సన్నబడుతుంది.

యార్డు నిండా బొగ్గున్నా ప్లాంటు ఫుల్లుగా నడవదు కొన్నిసార్లు. వానల్లో తడిసిన బొగ్గు సన్న పొడితో కలిసి బంక మట్టిలా తయారవుతుంది, బంకర్ (మిల్లుల పైన బొగ్గు నింపే పెద్ద తొట్టి) గోడలకి పట్టేసి కింద ఫీడర్‌లోకి దిగదు. మేం రాత్రిళ్లు వంతులేసుకుని పెద్ద సుత్తులతో బంకర్ని బయట నుంచి బాదేవాళ్లం, ఠంగ్ ఠంగ్ అని మోగితే ఖాళీ అని, డప్పు లాగా మొద్దుగా మోగితే లోపల పట్టి ఉందని, చెవితోనే తెలిసేది. పైన బోర్డు మీద 500, నిల్వ రిపోర్టులో పది రోజుల బొగ్గు, లైన్లో మాత్రం 380. ఒకసారి నాలుగు రోజులు వరసగా ఇలాగే నడిచింది, బయట పేపర్లో "బొగ్గు కొరత లేదు" అని వచ్చింది, నిజమే మరి, కొరత లేదు! కాబట్టి మీ లెక్కలో వానాకాలం రోజు కూడా ఒకటి తీసుకుని 930 బదులు ఆ రోజుల్లో నిజంగా వచ్చిన అంకె వెయ్యండి.

పీఎల్‌ఎఫ్ (ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్) అనే అంకె మీకు ప్రతి చోటా తగులుతుంది, తయారైన దాన్ని ఫుల్లుగా నడిస్తే తయారయ్యే దాంతో భాగించడమే, మన ప్లాంటుది ఆ రోజు 77 శాతం. ఇది పడిపోతే ప్లాంటు దండగ అనేస్తారు. పడిపోవడం రెండు రకాలు, చెడిపోయి నడవలేక పడిందా, సిద్ధంగా ఉన్నా గ్రిడ్ వాళ్లు తగ్గించమంటే పడిందా. రెండోదైతే అది స్టెప్నీ టైరు లాంటిది, తిరగలేదని పారెయ్యం. అందుకే చాలా చోట్ల ఒప్పందాల్లో సిద్ధంగా ఉన్నందుకు ఒక ఫిక్స్‌డ్ చార్జీ, తయారుచేసినందుకు యూనిట్ లెక్కన ఇంకో చార్జీ ఉంటాయి. అవైలబిలిటీ అంకె, అంటే ప్లాంటు ఎంతమేర సిద్ధంగా ఉందో చెప్పేది, విడిగా వెతికి పీఎల్‌ఎఫ్ పక్కన రాసుకోండి.

ఇంకొకటి, బొగ్గు ప్లాంటు తనంతట తను లేవలేదు. పంపులకీ ఫ్యాన్లకీ బయట నుంచి కరెంటు రావాలి. ఇండియాలో 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినప్పుడు, 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతం అది, థర్మల్ ప్లాంట్లని మళ్లీ లేపడానికి ముందు వాటికే స్టార్టప్ కరెంటు అందించాల్సి వచ్చింది. కాబట్టి గ్రిడ్ మొత్తం పోయినప్పుడు కాపాడేవాళ్ల లిస్టులో దీన్ని మొదట రాయకండి, ఆ చోటు ఎక్కువగా హైడల్‌ది.

ఆఖరిగా, మూసేస్తారంట అని వార్త వస్తే ఏం చూడాలి. ఇంతసేపు విడదీసిన పనులన్నీ, అంటే రోజు యూనిట్లు, సాయంత్రం మెగావాట్లు, ఫ్రీక్వెన్సీ ఊపు, ఒక్కోదానికి ఎవరు దిగుతున్నారో విడివిడిగా అడగండి. ఆస్ట్రేలియాలో 1600 మెగావాట్ల హేజెల్‌వుడ్ ప్లాంటుని 2016 నవంబరులో ప్రకటించి 2017 మార్చిలో మూసేశారు, ఐదు నెలల్లోపే, హోల్‌సేల్ రేట్లు ఎగిశాయి, ఆ తర్వాత మూడేళ్ల ముందే చెప్పాలని రూల్ తెచ్చారు. అదే బ్రిటన్‌లో 2012లో కరెంటులో 40 శాతం దాకా బొగ్గుదే, 2024 సెప్టెంబర్ 30న రాట్‌క్లిఫ్ మూతపడటంతో ఆఖరి ప్లాంటు కూడా పోయింది, పన్నెండేళ్లలో ఒక్కో పనికీ వేరేవాటిని దింపుకుంటూ వచ్చారు. సౌత్ ఆస్ట్రేలియా వాళ్లయితే తిరిగే బరువు కోసమే 2021లో నాలుగు సింక్రనస్ కండెన్సర్లు పెట్టారు, బొగ్గు లేకుండా ఉత్తి రోటరు తిప్పుతూ ఉంటాయవి.

మన ఊహా ప్రాంతంలో బ్యాటరీతో నింపాలంటే ఎంత కావాలో చూద్దాం. సాయంత్రం 5 గంటలు సగటు డిమాండ్ 2800, చేతిలో 2200, అంటే సగటున 600 తక్కువ, 5 గంటలకి 30 లక్షల యూనిట్లు, పీక్ కోసం 800 మెగావాట్లు ఇవ్వగలిగేది. పెట్టినదాంట్లో 15 శాతం పోతుందనుకుంటే మధ్యాహ్నం 35 లక్షల యూనిట్లు నింపాలి, 7 గంటల్లో, అంటే 500 మెగావాట్లు అదనంగా. ప్లాంటు మధ్యాహ్నం ఇస్తున్న 511 కూడా పోతుంది కాబట్టి ఆ లోటూ కలిపితే ఇప్పుడున్న సోలార్ 1000 కాస్తా 2000 పైనే రావాలి. ఇప్పుడు ముసురు పట్టిన రోజు డేటా తీసి, ఆ 2000 ఉన్న చోట 500 వేసి మళ్లీ లెక్కెయ్యండి, బ్యాటరీ నిండటం అటుంచి మధ్యాహ్నమే ఎంత లైన్ల మీద తెచ్చుకోవాల్సి వస్తుందో కింద రాసుకోండి, అలాంటి రోజులు వరసగా ఎన్నొస్తాయో పోయినేడాది వాతావరణం రికార్డులో చూసి దాని పక్కనే రాయండి.